భద్రత టెండరు రాసేనాడే తేలిపోతుంది

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ ప్రభుత్వ కార్యాలయంలోని కంప్యూటరు పనినైనా విప్పి చూడండి. సాఫ్ట్‌వేర్ రాసింది ఒకరు, సర్వర్లు చూసుకునేది ఇంకొకరు, కంప్యూటర్లు బాగుచేసేది ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతుల ఒప్పందం తీసుకున్న స్థానిక సంస్థ, కీబోర్డు ముందు కూర్చునేది చాలాచోట్ల అవుట్‌సోర్సింగ్ ఆపరేటరు. సంతకం ఒక్కటే అధికారిది. ఇన్ని చేతులు మారే చోట జనం వివరాలు బయటికి పొక్కకుండా, రికార్డు తారుమారు కాకుండా, పని ఆగిపోకుండా చూడాల్సిన ఉద్యోగం ఒకటుంది. టెండరు కాగితాల్లో దాన్ని సెక్యూరిటీ మేనేజరు అంటారు. జీతం ఇచ్చేది కాంట్రాక్టు కంపెనీ. కాపలా కాయాల్సింది ప్రభుత్వ డేటాకు, అంటే పింఛను తీసుకునే అవ్వ బ్యాంకు ఖాతాకు, రైతు పాసుపుస్తకానికి, పెద్దాసుపత్రిలో రోగి చీటీకి.

ఈ ఉద్యోగం మాట వస్తే అందరి చూపూ హ్యాకర్ల మీదికి, ఫైర్‌వాల్ మీదికి పోతుంది. అసలు సంగతి అంతకు చాలా ముందే, టెండరు పత్రం తయారయ్యేటప్పుడే తేలిపోతుంది. ఏ రక్షణ కావాలో అందులో రాసి ఉంటే బిడ్డరు దానికి ధర కడతాడు. రాయకపోతే కట్టడు. అందరికంటే తక్కువ కోట్ చేసి ఎల్-1గా నిలిచిన కంపెనీ, టెండరులో లేని పనిని తర్వాత సొంత ఖర్చుతో చేయదు. చేయమని అడిగితే ‘చేంజ్ రిక్వెస్ట్’ పెట్టండి, ఎస్టిమేట్ ఇస్తాం అంటుంది. వ్యాపారంగా చూస్తే అందులో తప్పు లేదు కూడా. బోరు వేసేటప్పుడే కేసింగ్ పైపు దించాలి, లోపల మట్టి కూలాక దించుదామంటే కుదరదని అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ కంప్యూటరు పనులకు టెండరు రాసేవాళ్లకు మాత్రం ఇది ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

సొరుగులో ఉన్న డాంగిల్

తహసీల్దారు కార్యాలయాల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలిసిన దృశ్యం ఇది. జూన్, జులై నెలలు. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం పిల్లల తల్లిదండ్రులు బారులు తీరి ఉంటారు. కౌన్సెలింగ్‌కు గడువు రేపటితో ఆఖరు. తహసీల్దారు ఊళ్లో భూమి తగాదా చూడటానికి పోయారు, లేదా కలెక్టరేట్‌లో సమీక్షకు పోయారు. ఆయన డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్, అంటే కంప్యూటరుకు గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం, ఆపరేటరు టేబుల్ సొరుగులో ఉంది. పిన్ నంబరు ఆపరేటరుకు నోటికే వచ్చు. డాంగిల్ గుచ్చి వరసగా సంతకాలు కొట్టేస్తే సాయంత్రానికి జనం పని అయిపోతుంది. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. అందరూ మంచికే చేస్తున్నారు.

కానీ అదే డాంగిల్‌తో భూమి రికార్డులో పట్టాదారు పేరు మారితే? సర్వరులో కనపడేది తహసీల్దారు సంతకమే. ఆయన ఆ పూట ఊళ్లో లేరని సాక్షులు చెప్పొచ్చు, కంప్యూటరు మాత్రం ఆయనే చేశారంటుంది. సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను ప్రకారం డిజిటల్ సంతకం రహస్య కీ తన అదుపులో ఉండేలా తగిన జాగ్రత్త తీసుకోవాల్సింది దాని సొంతదారే. కాబట్టి తప్పు మొదట అధికారి మెడకే చుట్టుకుంటుంది. ఆపరేటరు అవుట్‌సోర్సింగ్ మనిషి కనుక అతని ఉద్యోగం పోతుంది. కంపెనీ ‘మా సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు’ అని లేఖ రాస్తుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకున్నాక, భూమి పోగొట్టుకున్న మనిషి మాత్రం కోర్టు మెట్లు ఎక్కుతూ ఉండిపోతాడు.

ఇక్కడ సెక్యూరిటీ మేనేజరు చేయగలిగింది ఏమిటి? ‘డాంగిల్ ఎవరికీ ఇవ్వరాదు’ అని సర్క్యులర్ పంపడం తేలిక. అది గోడ మీద అతికి ఉంటుంది, క్యూ మాత్రం తగ్గదు. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. అధికారి ఎక్కడున్నా తన ఫోనులోనే చూసి సంతకం చేసే ఏర్పాటు ఒకటి. ఈ రోజు మీ పేరు మీద ఇన్ని సంతకాలు పడ్డాయి, అందులో భూమి రికార్డు మార్పులు ఇన్ని అని సాయంత్రానికి అధికారి ఫోనుకే మెసేజి పోవడం ఇంకొకటి. ఆఫీసు వేళలు దాటాక భూమి రికార్డు మార్పులు ఆగిపోవడం, పేరు మార్పుకు రెండో అధికారి ఆమోదం తప్పనిసరి కావడం కూడా అలాంటివే. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో రాయాల్సిన పనులు. టెండరులోని అవసరాల జాబితాలో ఉంటే మేనేజరు పట్టుబట్టి చేయిస్తారు. లేకపోతే సమీక్షా సమావేశంలో ఒక స్లైడుగా మిగిలిపోతాయి.

బండ్లపల్లి నుంచి పోర్టల్ దాకా

హ్యాకర్ అనేవాడే లేకుండా డేటా ఎలా బయటపడుతుందో చూడటానికి అనంతపురం జిల్లా కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. జాతీయ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. కూలి ఎవరికి ఎంత అందిందో అందరికీ కనపడాలన్నది ఆ పథకం ప్రాణం. మస్టర్లు, చెల్లింపులు ఆన్‌లైన్‌లో పెట్టడం, సామాజిక తనిఖీలు జరపడం అందుకే వచ్చాయి. దొంగ మస్టర్లను పట్టుకోవడానికి ఆ పారదర్శకత నిజంగా ఉపయోగపడింది.

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో ఆధార్ నంబర్లు, కొన్నిచోట్ల బ్యాంకు ఖాతా వివరాలు ఎవరైనా చూసేలా ఉన్నాయని, అలా బయటపడిన ఆధార్ నంబర్లు 13 నుంచి 13.5 కోట్లు ఉండొచ్చని అంచనా కట్టింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల నివేదికలది, రెండోది చంద్రన్న బీమాది. అక్కడ తాళం పగలగొట్టినవాళ్లు ఎవరూ లేరు. ఆ వివరాలు పోర్టల్‌లోనే జనం ముందు పరిచి ఉన్నాయి.

పారదర్శకత కావాలన్నవాళ్లదీ తప్పు కాదు, గోప్యత కావాలన్నవాళ్లదీ తప్పు కాదు. ఊళ్లో ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి పడింది అనేది గ్రామసభకు తెలియాలి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు గ్రామసభకు అక్కర్లేదు. ఈ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించి, ఒక్కో నివేదికలో ఏ కాలమ్ ఎవరికి కనపడాలో రాసిపెట్టడం మేనేజరు పనిలో అతి ముఖ్యమైన భాగం. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఆ నివేదికను ఎవరు, ఎందుకు చదువుతారో తెలిసి ఉండాలి. అందుకే ఊరి పనులు తెలిసిన మనిషి ఈ కుర్చీలో ఉంటే బాగుంటుంది.

6 గంటలు, 180 రోజులు

సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఈ ఉద్యోగానికి గట్టి ఆధారం. సైబర్ ఘటన జరిగినట్టు గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చి ఏం చేశారో సర్వరు రాసుకునే చిట్టా, 180 రోజులు దాచాలి. సర్వర్ల గడియారాలు కేంద్ర ఐటీ సంస్థ ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో సరిపోలాలి. ఈ ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ, వాటికి పనిచేసే కంపెనీలకూ వర్తిస్తాయి.

గడియారం సంగతి చిన్నదిగా కనపడుతుంది. ఒక రికార్డు సాయంత్రం 6:10కి మారినట్టు సర్వరు చెబుతుంది. ఆఫీసు సీసీ కెమెరా 6:02కే ఆపరేటరు బయటికి వెళ్లినట్టు చూపిస్తుంది. రెండు గడియారాల్లో ఏది సరైనదో తేల్చలేకపోతే విచారణ అక్కడే ఆగిపోతుంది. నిర్దోషి ఇరుక్కోవచ్చు, దోషి తప్పించుకోవచ్చు.

6 గంటల నియమం అంతకంటే కఠినం. శనివారం రాత్రి తొమ్మిదికి సర్వరులో తెలియని చోటు నుంచి లాగిన్ కనపడిందనుకుందాం. మేనేజరు తన కంపెనీ ప్రాజెక్టు హెడ్‌కు ఫోన్ చేస్తారు. ‘సోమవారం చూద్దాం, ముందే రాసిస్తే పెనాల్టీ వేస్తారు’ అని జవాబు వస్తుంది. శాఖ అధికారి పెళ్లిలో ఉన్నారు, ఫోన్ ఎత్తరు. తెల్లవారుజామున మూడుకు గడువు దాటిపోతుంది. ఈ ఉద్యోగంలోని అసలు చిక్కు ఇక్కడుంది. తన కంపెనీకి నష్టం తెచ్చే మాట తనే చెప్పాలి. ఆ మాట చెప్పే అధికారం కాంట్రాక్టులో రాసి ఉండాలి. కంపెనీ అనుమతితో పని లేకుండా మేనేజరు నేరుగా సెర్ట్-ఇన్‌కూ, శాఖ భద్రతాధికారికీ తెలియజేయవచ్చని, అలా చెప్పినందుకు అతన్ని తొలగించడానికి వీల్లేదని, ఘటనను దాచితే పడే పెనాల్టీ ఘటనకు పడే పెనాల్టీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని స్పష్టంగా ఉండాలి. ఈ మూడు షరతులు లేని టెండరులో ఎంత చదువుకున్న మేనేజరును పెట్టినా ఫలితం తక్కువే.

ఏఎంసీలో లేని పని

2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దెబ్బతిన్నాయి. అది దూరిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకున్న కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది. వేయాల్సింది ఎవరు? సాధారణంగా ఏఎంసీ ఒప్పందం మౌసు పాడైతే మార్చడం, ప్రింటరు రోలరు బాగుచేయడం, పవర్ సప్లై పోతే కొత్తది వేయడం దాకా వివరంగా చెబుతుంది. అప్‌డేట్లు ఎవరు వేయాలి, ఎన్ని రోజుల్లో వేయాలి అనే వాక్యం ఉండదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మండల కార్యాలయాల్లో ఇంకా దాని మీదే నడిచే కంప్యూటర్లను ఏం చేయాలో ఏ ఒప్పందంలో ఉందో ప్రతి శాఖా ఇప్పుడే వెతికి చూసుకోవాలి.

ఢిల్లీ ఎయిమ్స్‌పై 2022 నవంబరులో జరిగిన సైబర్ దాడిలో ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా చిక్కుకున్నాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్‌ను సరిగా విడగొట్టకపోవడాన్ని కారణంగా చూపింది. ఓపీ చీటీలు, ల్యాబ్ ఫలితాలు చాలా రోజులు చేతిరాతతో నడిచాయి. కర్నూలు సర్వజన వైద్యశాల లాంటి చోట అది జరిగితే రాయలసీమ నలుమూలల నుంచీ, అటు తెలంగాణ నుంచీ వచ్చే రోగులు ఎంత అవస్థ పడతారో ఊహించడం కష్టం కాదు.

జిల్లా విడిపోయినప్పుడు

పెద్దగా ఎవరూ మాట్లాడని విషయం ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా వచ్చాయి. కడప నుంచి విడిపోయిన ప్రాంతాలు అన్నమయ్య జిల్లాలో కలిశాయి. ఉద్యోగులు మారారు, ఫైళ్లు లారీల్లో పోయాయి, కంప్యూటర్లు పంచుకున్నారు. ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా వినియోగదారు ఖాతాలు వెనకబడిపోతాయి. పాత జిల్లా రికార్డులు చూసే హక్కు, కొత్త జిల్లాకు పోయిన ఉద్యోగి ఖాతాలో అలాగే ఉండిపోతుంది. బదిలీ ఉత్తర్వు హెచ్‌ఆర్ ఫైలులో ఉంటుంది. ఖాతా మాత్రం కాంట్రాక్టు కంపెనీ సర్వరులో ఉంటుంది. రెండింటినీ కలిపే దారం టెండరులో ఎవరూ వేయరు. మామూలు బదిలీల సీజనులో, పదవీ విరమణల్లో, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజే ఖాతా ఆగిపోవాలని, మూడు నెలలకోసారి ప్రతి కార్యాలయాధిపతీ తన కింద ఉన్న ఖాతాల జాబితా చూసి సంతకం పెట్టాలని రాస్తే చాలు. సగం తలనొప్పి అక్కడే తీరుతుంది.

సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

ప్రభుత్వ వెబ్‌సైటు సర్వరు ఎక్కాలంటే సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటరు పరీక్షించి ‘సేఫ్ టు హోస్ట్’ సర్టిఫికెట్ ఇవ్వాలి. మంచి నియమమే. అయితే ఆ సర్టిఫికెట్ ఆ రోజు పరీక్షించిన కోడ్‌కే వర్తిస్తుంది. తర్వాత పథకం మార్గదర్శకాలు మారతాయి, కొత్త కాలమ్ కావాలంటారు, శుక్రవారం చెప్పి సోమవారానికి ఇవ్వమంటారు. ఆ మార్పులన్నీ ఆడిటరు కంట పడకుండానే లైవ్‌లోకి పోతాయి. ఆడిటరును కాంట్రాక్టు కంపెనీయే ఎంచుకుని, ఫీజు తనే కట్టే పద్ధతి ఉన్నచోట ఇంకో ఇబ్బంది. ఎవరిని పరీక్షించాలో వారి దగ్గరే డబ్బు తీసుకోవాల్సి వస్తుంది. ఆడిట్ ఖర్చు శాఖే విడిగా భరించి, నివేదిక నేరుగా తన చేతికే తెప్పించుకోవడం మేలు. పెద్ద లోపాలు సరిచేసినట్టు తేలేదాకా ఆ దశ పనికి కట్టాల్సిన బిల్లు ఆపే హక్కు కూడా శాఖకు ఉండాలి.

అమెరికాలో ఇదే కుర్చీ

అమెరికాలో ప్రభుత్వ రహస్య సమాచారంతో పనిచేసే ప్రైవేటు కంపెనీ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ సెక్యూరిటీ మేనేజరును నియమించుకోవాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. రహస్య సమాచారం ఉండే కంప్యూటరు వ్యవస్థ ప్రభుత్వ ఏజెన్సీ ఆమోదం లేకుండా నడవదు. రహస్యం కాకపోయినా కాపాడాల్సిన రక్షణ శాఖ సమాచారం ఉన్న కాంట్రాక్టరు 110 అవసరాలున్న ప్రమాణాన్ని పాటించాలి, ఘటన జరిగితే 72 గంటల్లో చెప్పాలి. కాంట్రాక్టరు సైబర్ భద్రతను చూసి ఇచ్చే సీఎంఎంసీ అనే ధ్రువీకరణ 2025 నవంబరు 10 నుంచి రక్షణ కాంట్రాక్టుల్లోకి వస్తోంది. అన్నీ పాటిస్తున్నామని అబద్ధపు హామీ ఇస్తే ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద ప్రభుత్వానికి భారీగా చెల్లించుకోవాల్సి రావచ్చు.

అక్కడి మనుషులు మనకంటే తెలివైనవాళ్లనో, నిజాయితీపరులనో అనుకోనక్కర్లేదు. షరతు కాంట్రాక్టులో ఉంది, బిల్లుకు ముడిపడి ఉంది, అంతే తేడా. ఒక మాట మన పిల్లలకు ముందే చెప్పడం మంచిది. ఆ దేశంలో ఇలాంటి ఉద్యోగాలకు సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి, దానికి సాధారణంగా అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్-1బీ వీసా మీద పోయినవాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు.

ఇక్కడా రక్షణ రంగం దూరంలో ఏమీ లేదు. కర్నూలు జిల్లాలోని డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రంలో 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. రక్షణ ఉత్పత్తుల లైసెన్సు ఉన్న ప్రైవేటు కంపెనీలకు కేంద్రం 2014లోనే భద్రతా మాన్యువల్ ఇచ్చింది. ఉత్పత్తి ఎంత సున్నితమైనదో బట్టి వాటిని ఎ, బి, సి వర్గాలుగా విడగొట్టింది. అలాంటి చోట పెన్‌డ్రైవ్ లోపలికి రావడమే ఘటన కిందికి వస్తుంది.

మనిషి ఎక్కడుండాలి

అనంతపురం జేఎన్‌టీయూ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం, ఇడుపులపాయ ఆర్కే వ్యాలీ నుంచి ఏటా వందలమంది కంప్యూటరు చదువులు ముగిస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం పిల్లల్ని బెంగళూరుకూ, కర్నూలు పిల్లల్ని హైదరాబాద్‌కూ తీసుకుపోతుంది. టెండరులో సీఐఎస్‌ఎస్‌పీ లేదా సీఐఎస్‌ఎం అనే సమాచార భద్రత సర్టిఫికెట్ ఉన్న మేనేజరు కావాలంటారు. రెండింటికీ ఐదేళ్ల అనుభవం అడుగుతారు, అడగడం సబబే. ఆ అర్హతలున్న పేరు బిడ్‌లో ఉంటుంది, మనిషి మాత్రం మహానగరంలో వేరే ప్రాజెక్టు చూస్తూ సమీక్ష రోజు కారులో దిగుతారు. మండలంలో డాంగిల్ ఎవరి సొరుగులో ఉందో అక్కడి నుంచి కనపడదు. నెలలో ఇన్ని రోజులు జిల్లాలోనే ఉండాలని, మనిషిని మార్చాలంటే శాఖ అనుమతి కావాలని, మేనేజరు కింద కనీసం ఒక సహాయకుణ్ణి జిల్లాలోనే తీసుకుని తర్ఫీదు ఇవ్వాలని రాస్తే రెండు పనులవుతాయి. కార్యాలయానికి కళ్లు వస్తాయి, ఇక్కడి పిల్లలకు ఆ ఐదేళ్ల అనుభవం సొంత జిల్లాలోనే మొదలవుతుంది.

కొత్త చట్టం, పాత అలవాటు

‘డేటా పోతే కాంట్రాక్టరుదే బాధ్యత’ అనే వాక్యం రాసి చేతులు దులుపుకునే కాలం చెల్లిపోతోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023, డేటాను ఏ అవసరానికి వాడాలో నిర్ణయించే సంస్థ మీదే బాధ్యత పెట్టింది. పనిని కాంట్రాక్టుకు ఇచ్చినా బాధ్యత తప్పదు. తగిన రక్షణలు పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల్లో ఇంకో మంచి మాట ఉంది. కాంట్రాక్టరు తీసుకోవాల్సిన భద్రతా చర్యలు ఒప్పందంలోనే ఉండాలన్నారు. లాగ్‌లు ఏడాది దాచాలన్నారు. ఈ భాగాలు నిబంధనలు వెలువడిన 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఇప్పుడు పిలిచే మూడేళ్ల, ఐదేళ్ల టెండర్లు ఆ తేదీని దాటి నడుస్తాయి కనుక, 180 రోజుల నిల్వకు ధర అడిగితే తర్వాత మళ్లీ చేంజ్ రిక్వెస్టే. ఏడాదికి అడగడం ఇప్పుడే చేయాల్సిన పని.

ఇక అందరూ మరిచిపోయేది కాంట్రాక్టు ముగిసే రోజు. ఐదేళ్లలో ఒక కంపెనీ చేతిలో ఎన్నెన్నో పోగవుతాయి. డేటాబేస్ పాస్‌వర్డ్లు, బ్యాకప్ డిస్కులు, మొబైల్ యాప్ పెట్టిన ఖాతా, ఎస్‌ఎంఎస్‌లు పంపే సెండర్ ఐడీ, పరీక్షల కోసం డెవలపర్ ల్యాప్‌టాప్‌లోకి దించుకున్న అసలైన జనం వివరాలు, ఇవన్నీ అందులో ఉంటాయి. డొమైన్ పేరు కూడా కంపెనీ ఉద్యోగి ఈమెయిల్ మీద రిజిస్టరైన సందర్భాలు ఉంటాయి. యాప్ ఖాతాలు, డొమైన్లు, సెండర్ ఐడీలు మొదటి రోజు నుంచే శాఖ పేరు మీద ఉండాలని, పరీక్షలకు కల్పిత వివరాలే వాడాలని, బ్యాకప్‌లు అప్పగించి తమ దగ్గరున్న కాపీలు చెరిపేసినట్టు ధ్రువపత్రం ఇవ్వాలని టెండరులోనే రాయాలి. అప్పగింత రోజున పాత ఏజెన్సీ మేనేజరు, కొత్త ఏజెన్సీ మేనేజరు, శాఖ అధికారి ఒకే గదిలో కూర్చోవాలి. ఖాతాల జాబితా పై నుంచి కింది దాకా చదివి, ఒక్కోదాని పాస్‌వర్డు అక్కడికక్కడే మార్చి, ముగ్గురూ సంతకాలు చేశాకే ఆఖరి బిల్లు ముందుకు కదలాలి.